అటక మీద దొరికిన ట్రాన్స్‌మిటర్



నేను నంద్యాలలో రేడియో మెకానిక్కుని. వాల్వు సెట్లు ఇంకా రిపేరుకు వస్తున్న రోజుల్లో సోల్డరింగ్ ఐరన్ పట్టాను, ఇప్పటికీ వదల్లేదు. ఫిలిప్స్, మర్ఫీ, బుష్ సెట్లు ఎన్ని విప్పి ఉంటానో లెక్క లేదు. పొద్దున షట్టరు ఎత్తగానే ఆకాశవాణి కడప కేంద్రం పెట్టుకుని బల్ల ముందు కూర్చోవడం నా అలవాటు. ఇన్నేళ్ళూ వింటూ వచ్చినవాణ్ణి, ఇవాళ అదే రేడియోలో మీతో మాట్లాడే అవకాశం వచ్చింది. మాట్లాడబోయేది మాత్రం మీ ఇంట్లో ఉన్న రేడియో గురించి కాదు, దాని తోబుట్టువు లాంటి ఇంకో పెట్టె గురించి.

1980లలో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు పిల్లల కోసం తెచ్చిన రిమోట్ కార్లు కొందరికైనా గుర్తుండే ఉంటాయి. కారు సంగతి అలా ఉంచండి. దాన్ని నడిపే పెట్టె ఒకటి ఉంటుంది. పొడుగాటి స్టీలు యాంటెన్నా, రెండు మీటలు, ముందువైపు ఒక చిన్న ముల్లు మీటరు. పిల్లలు దాన్ని రిమోట్ అంటారు. నిజానికి అది ఒక చిన్న రేడియో స్టేషను. ఆ పాత ట్రాన్స్‌మిటర్‌తో ఇవాళ కూడా బండి నడపవచ్చని, నడిపితే ఆ ఇంటి పిల్లలకు రేడియో అంటే ఏమిటో చేతికి తెలుస్తుందని నా నమ్మకం.

పోయిన సంక్రాంతి ముందు ఆళ్లగడ్డలో మా అత్తగారింటికి వెళ్ళాను. పండగకు సున్నాలు కొట్టించడానికి అటక ఖాళీ చేస్తున్నారు. ఇత్తడి గుండిగలు, తుప్పు పట్టిన ట్రంకు పెట్టె, విరిగిన ఉయ్యాల బల్ల, వాటి వెనక ఒక అట్టపెట్టె. అందులో ఒక కారు, ఒక ట్రాన్స్‌మిటర్. మా బావమరిది కువైట్‌లో పనిచేసిన రోజుల్లో, 1987లో, పెద్దకొడుకు కోసం తెచ్చినవి. ఆ పిల్లవాడు ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగస్తుడు. కారు పైడొప్ప పగిలిపోయింది, టైర్లు గట్టిపడి బీటలు వారాయి.

"పాతసామాన్ల బండికి ఏసెయ్ బావా, దాంతో ఇంకేం పని" అన్నాడు మా బావమరిది.

వాళ్ళ చిన్నకొడుకు కొడుకు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వాడు నా చేతిలోంచి పెట్టె తీసుకుని యాంటెన్నా లాగాడు. ఒక్కో కణుపే బయటికొచ్చి వాడి తల దాటింది. "తాతా, ఇది పని చేస్తాదా?" అన్నాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

పెట్టెను నంద్యాల తెచ్చి బల్ల మీద పెట్టి, ముందు బ్యాటరీల మూత తీశాను. ఎనిమిది పెన్సిల్ సెల్లులు పట్టే గూడు. ఎవరో సెల్లులు అలాగే వదిలేశారు. అవి పగిలి కారి, స్ప్రింగుల మీద తెల్లగా, అక్కడక్కడ పచ్చగా పేరుకుపోయింది. ఇలాంటిది చూడగానే చాలామంది పెట్టె చచ్చిందనుకుంటారు. చావలేదు. ఇక్కడ ఒక చిన్న తేడా తెలుసుకోవాలి. పాతకాలపు మామూలు సెల్లు కారితే అది ఆమ్ల గుణం, దానికి వంటసోడా కలిపిన నీళ్ళు వాడాలి. ఆల్కలైన్ సెల్లు కారితే అది క్షార గుణం, దానికి నిమ్మరసమో వెనిగరో కావాలి. దూది పుల్లతో అద్ది, రుద్ది, తరవాత స్పిరిటుతో తుడిచి ఆరబెట్టాను. రెండు స్ప్రింగులు మాత్రం విరిగి చేతికొచ్చాయి. పాత టార్చిలైటు స్ప్రింగులు వేశాను.

తరవాత మీటలు. ఒక్కో మీట కింద ఒక వాల్యూం కంట్రోల్ ఉంటుంది. అవును, మీ రేడియోలో గొంతు పెంచే, తగ్గించే వాల్యూం కంట్రోలే. రేడియోలో దాని మీద దుమ్ము పడితే తిప్పినప్పుడు కరకరమంటుంది కదా, ఇక్కడ అదే దుమ్ము పడితే కారు ముందు చక్రాలు కరకర వణుకుతాయి. రోగం ఒకటే, మందూ ఒకటే. కాంటాక్ట్ క్లీనరు రెండు చుక్కలు వేసి యాభై సార్లు అటూ ఇటూ తిప్పడం.

ఇక ఈ పెట్టె కారుతో ఏ భాషలో మాట్లాడుతుందో చెబుతాను. తిరునాళ్ళలో, బొమ్మల షాపుల్లో దొరికే రిమోట్ కారు మీరు చూసే ఉంటారు. దాని చక్రం తిరిగితే పూర్తిగా తిరుగుతుంది, లేదంటే లేదు. బటను నొక్కితే ఉరుకుతుంది, వదిలితే ఆగుతుంది. ఈ పాత పెట్టె అలా కాదు. మీట గోరంత కదిపితే చక్రం గోరంతే తిరుగుతుంది. అది ఎలా సాధ్యమైంది?

భజనలో తాళాలు గుర్తు తెచ్చుకోండి. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీని బట్టే కదా నడక వేగమో, నిదానమో తెలిసేది. ట్రాన్స్‌మిటర్ కూడా అంతే. అది మూడు దెబ్బలు కొడుతుంది. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య ఖాళీ స్టీరింగుది, రెండో దాని నుంచి మూడో దాని దాకా ఉన్న ఖాళీ వేగానిది. మీట నడిమధ్యలో ఉంటే ఆ ఖాళీ సెకనులో వెయ్యో వంతుకు ఒకటిన్నర రెట్లు. ఒక పక్క చివరికి నెడితే సుమారు ఒక వంతు, రెండో పక్క చివరికి నెడితే రెండు వంతులు. మూడు దెబ్బలయ్యాక కాసేపు మౌనం, మళ్ళీ మూడు దెబ్బలు. ఇదంతా సెకనుకు సుమారు 50 సార్లు. కారులో ఉన్న సర్వో మోటారు ఆ ఖాళీని కొలుచుకుని, తన చేతిని అంత మేరకే తిప్పుతుంది. ఇందులో కంప్యూటరు ఏమీ లేదు. నాలుగైదు ట్రాన్సిస్టర్లతో, కొన్ని కండెన్సర్లతో ఇంత పని చేయించిన ఇంజనీర్లకు మెకానిక్కుగా నేను దండం పెడతాను. 1960లలో అమెరికాలో విమానం బొమ్మల కోసం రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. ఇవాళ డ్రోన్ల మోటార్లకు ఆజ్ఞలిచ్చే సంకేతాల్లో కూడా ఈ ఒకటి నుంచి రెండు మిల్లీసెకన్ల కొలత ఇంకా వాడుకలో ఉంది.

పెట్టె వెనక పసుపు రంగు తోక కట్టిన చిన్న క్రిస్టల్ ఒకటి ఉంది, దాని మీద 27.145 అని రాసి ఉంది. కారులోని రిసీవరులోనూ పసుపు తోకదే ఇంకొకటి. 27 మెగాహెర్ట్జ్ సెట్లలో ఇలాంటి రంగులు ఆరు: గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం. రేడియో పని తెలిసినవాళ్ళు ఈ వరస వినగానే నవ్వుకుంటారు. ఇది రెసిస్టర్ల మీద గీతలకు మేము బట్టీ పట్టిన వరసే. గోధుమ ఒకటి, ఎరుపు రెండు, అలా నీలం ఆరు. 26.995తో మొదలై 27.255 దాకా, ఒక్కోదానికీ సుమారు 50 కిలోహెర్ట్జ్ ఎడం. ఆరుగురు ఆరు రంగులు పెట్టుకుంటే ఒకే మైదానంలో ఆరు కార్లు నడవవచ్చు. ఇద్దరు ఒకే రంగు పెట్టుకుంటే మాత్రం ఎవరి బండి ఎవరి మాటా వినదు.

రిసీవరు క్రిస్టల్ అసలు అంకె చూస్తే 27.145 కాదు, 26.690. రెండింటికీ తేడా 455 కిలోహెర్ట్జ్. ఈ 455 అనే అంకె నాకు అన్నం పెట్టిన అంకె. మీడియం వేవ్ ట్రాన్సిస్టర్ రేడియోలలో చాలావాటిలో పసుపు, తెలుపు, నలుపు తలలతో కనిపించే ఐఎఫ్‌టీ కాయిళ్ళు పనిచేసేది ఆ 455 దగ్గరే. మీరు కడప కేంద్రం 900 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టినప్పుడు, మీ రేడియో లోపల 1355 దగ్గర ఒక చిన్న ఆసిలేటరు తిరుగుతూ ఉంటుంది. రెండింటి తేడా 455. మీ ఇంట్లో రెండు పాత ట్రాన్సిస్టర్ రేడియోలు ఉంటే ఈ సంగతి చెవులతోనే తెలుసుకోవచ్చు. ఒకదాన్ని కడప మీద పెట్టండి. రెండోదాన్ని దానికి ఆనించి, ఏ స్టేషనూ లేని చోట 1355 చుట్టుపక్కల మెల్లగా తిప్పండి. ఒకచోట హోరు చప్పున తగ్గిపోతుంది. మొదటి రేడియో తనలో తాను తిప్పుకుంటున్న ఆసిలేటరే అది. మీరు వింటున్న రేడియో కూడా కొంచెం ప్రసారం చేస్తోందన్నమాట. కొత్తగా వచ్చే చిప్పు రేడియోలలో ఇది కుదరదు, పాతవాటిలోనే.

క్రిస్టళ్ళ విషయంలో ఒక హెచ్చరిక. ట్రాన్స్‌మిటర్‌ది రిసీవరులో, రిసీవరుది ట్రాన్స్‌మిటర్‌లో పొరపాటున మార్చి పెట్టినా తేడా అదే 455 కాబట్టి బండి నడిచినా నడవవచ్చు. నడిచింది కదా అని వదిలేయకూడదు. అప్పుడు మీ పెట్టె 26.690 మీద ప్రసారం చేస్తుంటుంది, అది మనకు అనుమతి ఉన్న చోటు కాదు. మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీలో 5 వాట్ల లోపు చిన్న పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు. ఆరు రంగులూ అందులోనే పడతాయి. కారు ట్రాన్స్‌మిటర్ల శక్తి ఆ 5 వాట్లకు చాలా కింద ఉంటుంది. దాన్ని పెంచాలని మాత్రం చూడకండి.

సరే, ఎనిమిది కొత్త సెల్లులు వేసి స్విచ్చి నొక్కాను. ముల్లు లేచింది. కానీ ముల్లు లేస్తే బ్యాటరీ ఉందనే అర్థం, తరంగం బయటికి వస్తోందని కాదు. దాన్ని తెలుసుకోవడానికి పెద్ద సామాను ఏమీ అవసరం లేదు. నా డ్రాయరులో పాత ఓఏ79 జెర్మేనియం డయోడ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. మల్టీమీటరు మైక్రో ఆంపియర్ల మీద పెట్టి, రెండు కొనల మధ్య ఆ గాజు డయోడు, ఒక పక్కకు మూరెడు వైరు. అంతే. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా దగ్గరకు తీసుకెళ్ళగానే ముల్లు కదిలింది. ఇన్నేళ్ళ తరవాత ఆ పెట్టె మళ్ళీ మాట్లాడింది. ఆ క్షణం నా గుండె వేగం పెరిగిందంటే నమ్మండి.

బండిలో పాత 7.2 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ పూర్తిగా పోయింది. దాని చోట నికెల్ మెటల్ హైడ్రైడ్ వేశాను. లిథియం బ్యాటరీ వేయకూడదా అని అడుగుతారు. ఈ పాత బండ్లలో వేగాన్ని తగ్గించేది ఒక తీగ చుట్టిన రెసిస్టరు, దాని మీద జరిగే ఒక ఇత్తడి ముక్క. బ్యాటరీ అడుగంటితే ఆపే తెలివి దానికి లేదు. లిథియం సెల్లు 3 వోల్టుల కిందికి పోతే పాడవుతుంది, తరవాత చార్జింగులో ఉబ్బి నిప్పు కూడా రావచ్చు. అందుకే వద్దంటాను.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. ఒక సర్వో బలహీనంగా ఉందని కొత్తది తెప్పించి, పాత రిసీవరులో గుచ్చాను. ప్లగ్గు సరిగ్గానే దిగింది. కానీ పాత సెట్లలో ప్లస్సు, మైనస్సు, సంకేతం తీగల వరస కంపెనీకి ఒక రకంగా ఉండేది. రెండు సెకన్లలో కాలిన వాసన వచ్చింది, సర్వో పోయింది. పాత రిసీవరుకు కొత్త వస్తువు ఏది గుచ్చినా ముందు మీటరుతో ప్లస్సు ఎక్కడుందో చూడండి. ప్లగ్గు పట్టింది కదా అని నమ్మకండి.

మార్చిలో బండిని ఆళ్లగడ్డ తీసుకెళ్ళాను. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. ఆ ఊళ్ళో చెక్కిన దేవతా విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్ళకో వెళ్తాయి. మా అత్తగారి వీధి చివర కూడా ఒక శిల్పుల షెడ్డు ఉంది, పొద్దంతా రాతిపొడి లేస్తూనే ఉంటుంది. ఆ షెడ్డు ముందు ఖాళీ స్థలంలో మనవడు మొదటిసారి మీటలు పట్టుకున్నాడు. బండి బాగానే బయల్దేరింది. షెడ్డు పక్కకు పోగానే ముందు చక్రాలు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

"తాతా, బండికి జొరమొచ్చినట్టుంది, ఎట్ల వణుకుతాందో చూడు" అన్నాడు వాడు.

ముందు బండి మోటారునే అనుమానించాను. మోటారు బ్రష్షుల దగ్గర వచ్చే నిప్పురవ్వలు పాత ఏఎం రిసీవర్లకు పరమ శత్రువులు. అందుకే మోటారుకు మూడు చిన్న కండెన్సర్లు వేస్తారు. 104 అని రాసి ఉండే బిళ్ళలు, అంటే 0.1 మైక్రోఫారడ్. రెండు కొనల మధ్య ఒకటి, ఒక్కో కొన నుంచి మోటారు ఒంటికి ఒక్కొక్కటి. వంగి చూస్తే మూడూ వేసే ఉన్నాయి. అప్పుడు చెవిన పడింది. షెడ్డులో గ్రైండరు గుర్రుమన్నప్పుడే చక్రాలు వణుకుతున్నాయి. అది ఆగితే ఇవీ ఆగుతున్నాయి.

లోపల అమ్మవారి విగ్రహం కిరీటం మీద పనిచేస్తున్న పెద్దాయన మా గొడవ చూసి బయటికొచ్చాడు. "మా మిషనుకూ మీ బండికీ ఏం సంబంధమయ్యా?" అన్నాడు. చెప్పాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. మళ్ళీ లోపలికి వెళ్ళి, మేము అడక్కుండానే గ్రైండరు వేశాడు, ఆపాడు, వేశాడు, ఆపాడు. ప్రతిసారీ ఇరవై అడుగుల దూరంలో చక్రాలు కొట్టుకున్నాయి, నిలబడ్డాయి. ఆయన గ్రైండరు కింద పెట్టి చాలాసేపు బండి వంకే చూస్తూ ఉండిపోయాడు. మధ్యలో ఒక తీగైనా లేదు మరి.

ఆ గ్రైండరు మోటారులో కూడా బ్రష్షులే, నిప్పురవ్వలే. ఇంట్లో మిక్సీ వేసినప్పుడు మీ మీడియం వేవ్ రేడియో గరగరమనడానికి కారణం అదే. నిప్పురవ్వ పుడితే రేడియో తరంగం పుడుతుంది. లోకంలో తొలి ట్రాన్స్‌మిటర్లన్నీ నిప్పురవ్వలతోనే పనిచేశాయి. 1895లో కలకత్తా టౌన్ హాలులో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ అలాంటి తరంగాలను గోడల గుండా పంపి, అవతలి గదిలో గంట మోగించారు, తుపాకి మందు పేల్చారు. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా ఒక నీటి తొట్టిలో చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపించారు, దానికి పేటెంటు కూడా తీసుకున్నారు. ఆ వరసను గమనించండి. రేడియోలో మనిషి గొంతు వినబడటానికి ముందే గంట మోగింది, పడవ తిరిగింది. రేడియో మాట నేర్చుకోకముందే పని నేర్చుకుంది. ఈ సంగతి నేను ఆ రోజు ఆ షెడ్డు ముందు మనవడికి చెబుతుంటే ఆ పెద్దాయన కూడా నిలబడి విన్నాడు.

కార్ల చరిత్ర దీనితో పోలిస్తే చిన్నది. 1966లో ఇటలీలోని ఒక కంపెనీ ఫెరారీ నమూనాతో రేడియో కారు అమ్మింది. 1976లో జపాన్ కంపెనీ టామియా పోర్షె 934 తెచ్చింది. 1979లో ఇసుకలో ఉరికే శాండ్ స్కార్చర్ వచ్చింది, 1984లో గ్రాస్‌హాపర్, హార్నెట్ వచ్చాయి. వీటికి తోడు ఫుటాబా, సాన్వా, ఎకామ్స్ లాంటి కంపెనీల ట్రాన్స్‌మిటర్లు. 2000 తరవాత టామియా ఆ పాత నమూనాలను మళ్ళీ అచ్చు అలాగే తయారు చేయడం మొదలుపెట్టింది. పాత బండి చేతికి రాగానే దాని పాత పెట్టె కోసం వెతుక్కునేవాళ్ళు దేశదేశాల్లో పుట్టుకొచ్చారు. చిన్నప్పుడు చేతికి అందనిది పెద్దయ్యాక అందుకోవాలన్న కోరిక చిన్నదేమీ కాదు.

మళ్ళీ మా బండి సంగతికి వస్తే, గ్రైండరుకు దూరంగా, అరవై డెబ్బై అడుగులు జరిగితే వణుకు పోయింది. కానీ పాత సెట్లకు ఇంకో పెద్ద లోటు ఉంది, అది నంద్యాలలో తెలిసొచ్చింది. కేసీ కాలువ గట్టు పక్కన, పత్తి కట్టె పీకేసిన ఒక చేను ఉంది. ఎండకు నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది. గట్టు బాట మీద బండిని వదిలాను. యాంటెన్నాలో చివరి రెండు కణుపులు లాగడం మరిచిపోయాను. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 11 మీటర్లు. దానికి సరిగ్గా సరిపోవాలంటే పావు వంతు, అంటే రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల పైగా యాంటెన్నా కావాలి. అంత పొడవు చేత్తో పట్టుకోలేం కనుక మీటరుకు కాస్త పైగా ఇచ్చి, మిగతా లోటు అడుగున ఒక కాయిలుతో సర్దుతారు. అందులోనూ తగ్గిస్తే ఏమవుతుంది? బండి యాభై అడుగులు దాటగానే నా మాట వినడం మానేసింది. ఆగలేదు, పూర్తి వేగంతో అలాగే పోయింది. ఆ గట్టు మీద ఒకామె తలమీద గడ్డిమోపుతో ఎదురు వస్తోంది. నేను అరిచాను, ఆమె పక్కకు తప్పుకుంది, బండి చేనులోకి దూకి ఒక నెర్రెలో ముక్కు ఇరికించుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొత్త సెట్లలో సంకేతం తెగితే బండి తనంతట తాను ఆగే ఏర్పాటు ఉంటుంది. పాత ఏఎం సెట్లలో అది ఉండదు. కాబట్టి కొన్ని పద్ధతులు తప్పకుండా పాటించాలి. ముందు ట్రాన్స్‌మిటర్ వేయాలి, తరవాత బండి. ఆపేటప్పుడు ముందు బండి, తరవాత ట్రాన్స్‌మిటర్. ప్రతిసారీ బండి చక్రాలు నేలకు తగలకుండా ఇటుక మీద పెట్టి, యాంటెన్నా పూర్తిగా మడిచి, ఇరవై ముప్పై అడుగులు వెనక్కి నడిచి చూడాలి. అక్కడి నుంచీ మాట వింటేనే యాంటెన్నా లాగి నేల మీద వదలాలి. బండి రిసీవరు తీగను పొడుగెక్కువైందని కత్తిరించకూడదు, చుట్టచుట్టి కుక్కకూడదు. రోడ్డు మీద, జనంలో, నీళ్ళ పక్కన అసలే వద్దు.

అమెరికా నుంచి వచ్చిన సెట్లయితే వెనక ఏమి రాసి ఉందో చూడండి. 72, 75 మెగాహెర్ట్జ్ అని ఉంటే స్విచ్చి వేయకండి. అవి అక్కడి నిబంధనల ప్రకారం చేసినవి. 75 మెగాహెర్ట్జ్ విమానాలు దిగేటప్పుడు దారి చూపే మార్కర్ బీకన్ల చోటు. ఓర్వకల్లు విమానాశ్రయం 2021లో మొదలైన తరవాత మన ఆకాశం కూడా ఖాళీగా లేదు. ఇంకా ఎక్కువ ప్రయోగాలు చేయాలనే ఉత్సాహం ఉన్న పిల్లలుంటే దానికి సరైన దారి అమెచ్యూర్ రేడియో పరీక్ష. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఎంతోమంది తెలుగువాళ్ళను ఆ దారిలో నడిపించింది.

పాత పెట్టెలో లోపలి ప్రసార భాగం చచ్చిపోయి ఉంటేనో, 72, 75 సెట్టయితేనో ఇంకో ఉపాయం ఉంది. డొక్క అలాగే ఉంచి గుండె మార్చడం. ఇప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రసార మాడ్యూళ్ళు అగ్గిపెట్టె సైజులో దొరుకుతున్నాయి. 2005 నుంచి మన దేశంలో ఆ పట్టీలో చిన్న పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు. దాని తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే, మూడు సెంటీమీటర్ల తీగ చాలు. గ్రైండరు నిప్పురవ్వలను అది లెక్క చేయదు. సంకేతం తెగితే బండి ఆగేలా అమర్చుకోవచ్చు. పాత ట్రాన్స్‌మిటర్‌లో ఆ మూడు దెబ్బల సంకేతం ప్రసార భాగంలోకి వెళ్ళే చోటు వెతికి, అక్కడి నుంచి ఒక తీగ తీసి, వోల్టేజి తగ్గించి కొత్త మాడ్యూలుకు ఇవ్వాలి. కొన్ని మాడ్యూళ్ళు నాలుగు చానెళ్ళు ఉంటేనే గుర్తుపడతాయి, మన పాత పెట్టెలో రెండే. అప్పుడు మధ్యలో ఒక చిన్న ఆర్డుయినో బోర్డు పెట్టి, మీటల కింద ఉన్న ఆ వాల్యూం కంట్రోళ్ళను నేరుగా దానికే కలిపితే సరిపోతుంది. ఇంజనీరింగు చదివే పిల్లలకు ఇది రెండు సాయంత్రాల పని. మీటలు అవే, ఆ బరువు అదే, చేతికి ఆ పాత పట్టు అలాగే ఉంటుంది.

రెండు దారుల్లో ఏది మంచిదని అడిగితే నా మాట ఇది. పెట్టె ఆరోగ్యంగా ఉండి, 27 మెగాహెర్ట్జ్ సెట్టయితే, దాన్ని కోయకండి. దాని క్రిస్టల్‌తోనే, ఖాళీ మైదానంలో, నిదానంగా నడపండి. ఒకసారి కోసిన సర్క్యూటు మళ్ళీ అతకదు. చచ్చినదాన్నే మార్చండి. కొత్త సెట్టు గొప్పదే, కాదనను. కానీ అది పాడైతే పిల్లలకు చూపించడానికి లోపల ఒక నల్ల చిప్పు తప్ప ఏమీ ఉండదు. పాత పెట్టె విప్పితే కాయిలు కాయిలుగా, క్రిస్టల్ క్రిస్టల్‌గా కనబడుతుంది. ఇదిగో ఇక్కడ తరంగం పుట్టింది, ఇక్కడ పెరిగింది, ఇక్కడి నుంచి పోయింది అని వేలు పెట్టి చూపించవచ్చు.

మా బావమరిది మనవడు ఇప్పుడు రెసిస్టరు రంగులు తప్పు లేకుండా చెబుతున్నాడు. పోయిన నెల వాడు తనంతట తనే ఓఏ79తో ఒక మీటరు కట్టి, షెడ్డులో గ్రైండరు పక్కన పెట్టి ముల్లు కదులుతుందేమోనని చూశాడట. కదల్లేదు. ఎందుకు కదల్లేదో ఫోనులో నన్ను అడిగాడు. ఆ రవ్వల శక్తి ఎన్నో ఫ్రీక్వెన్సీల్లోకి చెదిరిపోతుందని, ఒక్క డయోడుతో చేసిన మీటరు దాన్ని పట్టలేదని, రిసీవరు అయితే ఎన్నో రెట్లు పెంచుకుని వింటుందని చెప్పాను. అయితే రిసీవరే కడతానన్నాడు.

నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, బనగానపల్లె చుట్టుపక్కల గల్ఫ్‌కు వెళ్ళొచ్చిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మీ అటకల మీద కూడా ఇలాంటి పెట్టె ఉండవచ్చు. పాతసామాన్ల బండి వాకిట్లోకి వచ్చినప్పుడు, తూకానికి వేసేముందు ఒక్కసారి ఆ బ్యాటరీ మూత తీయండి. లోపల సెల్లులు ఉంటే ఈ రోజే తీసేయండి. వెనక ఉన్న క్రిస్టల్ మీద అంకె చదవండి. 26 తోనో 27 తోనో మొదలైతే, ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లవాడో పిల్లో ఉంటే, దాన్ని వాళ్ళ చేతికి ఇవ్వండి. దగ్గర్లో రేడియో పని తెలిసిన మనిషి ఎవరైనా ఇంకా దుకాణం తీస్తుంటే ఆ పిల్లల్నీ, ఆ పెట్టెనూ ఆయన దగ్గరకు తీసుకెళ్ళండి.